ఎండకు ఆరని తడి

సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి లోయిస్ ఒసుగి పోలీసు స్టేషను లోపలి గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా అరాక్సీ బెదిరియన్. రెండు రోజులుగా నిద్ర లేని ముఖం, గోళ్ళ కింద ఇంకా వదలని గ్రీజు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆమెను అరెస్టు చేస్తానని సార్జెంట్ ఎర్ల్ మాక్రే ఆమె లాయరుకు కబురు పంపాడు. అప్పటిదాకా ఆమె విచారణకు సహకరిస్తున్న మనిషి మాత్రమే. అంటే, ఆ లాయరు తరఫున నిజం తేల్చడానికి వచ్చిన లోయిస్ చేతిలో నాలుగు గంటల ఇరవై నిమిషాలున్నాయి. అవి చాలునని ఆమె అనుకుంది.

జరిగింది చెప్పుకోవడానికి రెండు మాటలు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అయిదుకు గ్రాంట్ లిండెల్ అనే పళ్ళ డాక్టరు సన్ వ్యాలీలోని అరాక్సీ గ్యారేజీ నుంచి తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తీసుకుని బయల్దేరాడు. ఇరవై మూడు నిమిషాల తర్వాత, రెండూ ఎనిమిదికి, పాల్మిటో కొండ రోడ్డు ఏడో మలుపులో కారు జారి, రెయిలింగు విరగ్గొట్టుకుని అరవై అడుగుల కిందికి పోయింది. గుద్దుకున్న క్షణాన్ని అతని చేతి స్మార్ట్ గడియారమే నమోదు చేసింది. వయసు నలభై ఆరు. భార్య ఉంది, ఇద్దరు ఆడపిల్లలున్నారు.

ఆ కారు చల్లబరిచే ఏర్పాటునంతా అరాక్సీ మూడు వారాలు కూర్చుని మార్చింది. ఆమె బిగించిన పైపు ఊడి, కారిన కూలెంటు అనే జారుడు ద్రవం ఆ కారు వెనక చక్రాల కిందికే వచ్చి కారును జార్చిందని మాక్రే తేల్చాడు. నిర్లక్ష్యం వల్ల మరణం. రుజువైతే జైలు. రుజువు కాకపోయినా ఆ పేరుతో గ్యారేజీ నడపడం ఇక కుదరదు.

"మొదటినుంచీ చెప్పు. నాకేమీ తెలియదనుకుని చెప్పు" అంది లోయిస్.

"మీకు తెలియకపోవడమేంటండీ. సారు భార్య మీరు."

సారు అంటే కెన్ ఒసుగి. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు మోటారు పని నేర్పిన మాస్టారు. ఫిబ్రవరిలో పోయారు. ఆయన క్లాసులో చేరిన మొదటి ఆడపిల్ల అరాక్సీ. లోయిస్ ఆ మాటకు తలూపి, పెన్ను మూత తీసింది.

అరాక్సీ చెప్పడం మొదలుపెట్టాక గొంతు కుదుటపడింది. సూపర్‌ఛార్జర్ గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి ఇంజను పైన ఒక నీళ్ళ పెట్టె ఉంటుంది. ఆ నీళ్ళు కారు నేల కింది పైపుల్లోంచి ముందున్న ముక్కు దాకా వెళ్ళి, అక్కడ గాలి తగిలి చల్లబడి వెనక్కి వస్తాయి. ఇంజను నీళ్ళకు వేరే దారి, వేరే రేడియేటర్. కంపెనీ పెట్టింది చల్లటి ఊళ్ళకు సరిపోతుంది. ఈ లోయ ఎండలో రెండుసార్లు గట్టిగా కొండెక్కిస్తే చాలు, ఇంజను భయపడి తన బలం తానే తగ్గించుకుంటుంది. అందుకని ఆమె మందపాటి రేడియేటర్, ముక్కులో రెట్టింపు వెడల్పున్న చల్లార్చే పలక, గట్టి పంపు, నూనెకు రెండు వైపులా రెండు చిన్న రేడియేటర్లు పెట్టింది. పైపులన్నీ కొత్తవి. గాలి నింపి, ప్రెషరు పెట్టి పన్నెండు గంటలు వదిలేసింది. మీటరు సూది కదల్లేదు.

"తర్వాత ఏం పోశావు?"

"నీళ్ళు."

లోయిస్ పెన్ను ఆగింది. "కూలెంటు కాదూ?"

"లేదండీ. గురువారం గ్రాంట్ గారు ఆదివారం రేసు ట్రాక్ మీద కారు తిప్పడానికి పేరు ఇచ్చుకున్నారు. ట్రాక్ వాళ్ళు కూలెంటు పోసిన కారుని గేటు దాటనివ్వరు. ఒక్క కారు కక్కితే రోడ్డంతా సబ్బు రాసినట్టవుతుంది, కడగడానికి సగం రోజు పడుతుంది. అందుకని శుక్రవారం ఉత్త డిస్టిల్డ్ నీళ్ళు పోశా. తుప్పు పట్టకుండా ఒక చిన్న సీసా మందు కలిపా. రెండు దారుల్లోనూ అంతే."

"ఆయన పేరిచ్చినట్టు ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. భార్య తిడుతుందని చెప్పలేదు. నన్ను కూడా నోరు మూసుకోమన్నారు."

"నీళ్ళు పోసిన సంగతి సార్జెంటుకు చెప్పావా?"

"ఆయన అడగలేదు. క్లిప్పు బిగించావా లేదా అని పదకొండుసార్లు అడిగాడు."

"బిగించావా?"

"బిగించాను." అరాక్సీ గోళ్ళ కింది గ్రీజు గీకింది. "బిగించాననే గుర్తు. కానీ పైపు ఊడింది కదండీ. శనివారం గ్రాంట్ గారు రాగానే తాళాలు అడిగారు. నవ్వుతూ ఇచ్చా. కొండెక్కిస్తా, వేడి ఎంత పెరుగుతుందో చూసి చెప్తా అన్నారు. సరే అన్నా. నేనే అన్నా."

లోయిస్ పుస్తకం మూసింది. "నీ చేతిలో తప్పుంటే నేనే నీకు చెప్తా. లేకపోతే ఆ మాట సార్జెంటు చేత చెప్పిస్తా. ఈలోగా నువ్వు ఏమైనా తిను."

బయటి హాల్లో బెంచీ మీద బ్రెట్ హాల్డేన్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో డోనట్ల గులాబీ రంగు పెట్టె, పక్కన రెండు కాఫీలు. ఏడాది క్రితం దాకా అతను, అరాక్సీ కలిసి గ్యారేజీ నడిపారు. తర్వాత అతను రేడియేటర్ సరంజామా కట్టలు కట్టి అమ్మే వ్యాపారంలోకి వెళ్ళాడు. లోయలో సూపర్‌ఛార్జర్ ఉన్న ప్రతి రెండో కారు ముక్కులో అతని పేరు అచ్చేసిన పలక ఉంటుంది. శనివారం ఆ మలుపు దగ్గరికి మొదట వెళ్ళినవాడు అతనే.

లోయిస్ అతన్ని పది నిమిషాలు ప్రశ్నించింది. అతను తడబడలేదు. ఖాళీ ఉన్న శనివారాల్లో కొండ మీది వ్యూ పాయింటు దాకా వెళ్ళిరావడం అలవాటన్నాడు. మలుపు తిరిగేసరికి రెయిలింగు విరిగి ఉంది, రోడ్డు పచ్చగా తడిగా ఉంది, కింద ఆవిరి. దిగి చూశాడు. నాడి లేదు. అక్కడ సెల్లు పనిచేయదు కాబట్టి పైకి వెళ్ళి రెండూ పందొమ్మిదికి అత్యవసర ఫోను నుంచి పోలీసులను పిలిచాడు.

"పైపు లోంచి కారడం చూశారా?"

"లేదండీ. నేను చూసింది మనిషిని. పైపుల వైపు చూసే తెలివి ఆ క్షణంలో నాకు లేదు."

అది నిజాయితీగల జవాబులా వినిపించింది. అతను డోనట్ల పెట్టె ముందుకు చాపాడు. లోయిస్ వద్దంది.

స్వాధీనం చేసుకున్న బండ్లు పెట్టే యార్డుకు ఆమె పదీ యాభైకి చేరింది. సార్జెంట్ మాక్రే అప్పటికే గేటు నీడలో నిలబడి ఉన్నాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఇరవై రెండేళ్ళుగా రోడ్డు ప్రమాదాలే చూస్తున్నాడు. కోర్టులో అతని మాట ఇంతవరకు ఒక్కసారే వీగిపోయింది. ఆ ఒక్కసారీ ఎదురు నిలిచింది, అప్పట్లో ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసిన లోయిస్.

"రిటైరయ్యారనుకున్నానే మేడమ్. తోటపని అదీ చేసుకుంటున్నారని విన్నా."

"చేసుకుంటున్నా. కలుపు ఎక్కడున్నా పీకుతూనే ఉన్నా."

లాయరు ఇచ్చిన అనుమతి కాగితం అతను రెండుసార్లు చదివి, దేన్నీ ముట్టుకోకూడదని, ఏది విప్పాలన్నా తన టెక్నీషియనే విప్పుతాడని చెప్పాడు. లోయిస్ ఒప్పుకుంది. లోపలికి వెళ్ళే ముందు సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, ఒక గ్లాసెడు నీళ్ళు యార్డు తారు నేల మీద పోసింది. గడియారం చూసుకుంది. పదకొండూ మూడు.

"దాహం నేలకా?" అన్నాడు మాక్రే.

"కాసేపాగి చెప్తా. రోడ్డు మీంచి తీసిన నమూనా మీ దగ్గర ఉందిగా? తెప్పించండి."

కారు ముక్కు లేదు. ముందు చక్రాల దాకా ముడుచుకుపోయి, అరాక్సీ మూడు వారాల పని నలిగిన అల్యూమినియం ముద్దగా మిగిలింది. ఇంజను ఉన్న వెనక భాగం మాత్రం దాదాపు చెక్కు చెదరలేదు. మాక్రే తన సాక్ష్యాన్ని వేలితో చూపించాడు. ముందు పలకకు నీళ్ళు తెచ్చే పైపు ఊడి వేలాడుతోంది. క్లిప్పు లోహపు గొట్టం మీదే ఉండిపోయింది. క్లిప్పు బిగిసి ఉంటే పైపు ఎందుకు ఊడుతుందని అతని ప్రశ్న.

లోయిస్ మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. క్లిప్పు మర మీద, దాని పట్టీ మీద కలిపి ఒకే గీతగా పసుపు రంగు ఉంది. వెంట్రుకంత సన్నటి గీత. బిగించిన ప్రతి మర మీదా అలా గీత పెట్టాలని, గీత పెట్టని మర బిగించనట్టే లెక్కని కెన్ పిల్లలకు చెప్పేవారు. పసుపు రంగే ఎందుకంటే నీడలోనూ కనపడుతుందని.

"సార్జెంటూ, ఈ మర ఒక పావు చుట్టు వదులైనా ఈ గీత రెండు ముక్కలయ్యేది. చూడండి, ఒకటే ముక్క."

"తర్వాత గీసిందేమో."

"కారు కొండ కింద పడ్డాకా?"

ఆమె టార్చిని క్లిప్పు లోపలికి తిప్పింది. పట్టీ కింద నీలం రబ్బరు వలయం ఒకటి ఇంకా గొట్టాన్ని పట్టుకునే ఉంది. పైపు క్లిప్పులోంచి జారలేదు. గుద్దుకున్నప్పుడు క్లిప్పు అంచు దగ్గర తెగింది.

"తెగితేనేం, ఊడితేనేం? గుద్దుకోకముందే తెగి ఉండొచ్చుగా" అన్నాడు మాక్రే. "రోడ్డు మీద కూలెంటు ఉంది. ఇదిగో, నేను స్వయంగా సిరంజితో పీల్చి తీసింది. మూడూ ఇరవై అయిదుకి." టెక్నీషియను తెచ్చిన గాజు సీసాను అతను ఎండకేసి ఎత్తిపట్టాడు. లోపల పచ్చటి ద్రవం. "ఈ కారుకి కంపెనీ పోసేది కూడా పచ్చదే. ఇంకేం కావాలి మీకు?"

"శనివారం ఎండ ఎంత?"

"నూట నాలుగు ఫారన్‌హీట్."

"రెండూ ఎనిమిదికి పడింది. మూడూ ఇరవై అయిదుకి మీరు పీల్చి తీశారు. అంటే గంటా పదిహేడు నిమిషాలు ఆ ఎండలో తడిగానే ఉంది."

"ఉంది. ఫోటోల్లో మెరుస్తోంది కూడా."

"సరే. ఇప్పుడు ఈ కారులో ఏముందో చూద్దాం."

"ఏమీ లేదు. ముక్కు పిండైపోయింది, అంతా కారిపోయింది."

"ముక్కులోది కారిపోయింది. ఇంజను ఎటు ఉందండీ?"

టెక్నీషియను నవ్వు ఆపుకుంటూ సార్జెంటు వైపు చూశాడు. మాక్రే తలూపాడు. కారును ఎత్తి, ఇంజను దిమ్మె అడుగున ఉండే బిరడా విప్పారు. మొదట ఏమీ రాలేదు. తర్వాత సన్నటి ధారగా గాజు కప్పులో సగందాకా పడింది. సూపర్‌ఛార్జర్ కింది నీళ్ళ పెట్టె నుంచి ఇంకో కప్పులోకి మరికొంత. రెండూ తేటగా ఉన్నాయి. కాస్త గులాబీ ఛాయ ఉందంటే ఉంది, లేదంటే లేదు.

మాక్రే ఆ కప్పుల వైపు చూసి, గాజు సీసా వైపు చూసి, పాతబడితే రంగు వెలుస్తుందన్నాడు. శుక్రవారం పోసింది శనివారానికి వెలిసిపోదని లోయిస్ అంది. అయినా రంగు చూసి తేల్చవద్దని చెప్పి, సంచీలోంచి పెన్నంత ఉన్న ఒక ఇత్తడి గొట్టం తీసింది. ఒక కొసన గాజు పలక, ఇంకో కొసన కన్ను పెట్టి చూసే రంధ్రం. కెన్ పనిముట్ల పెట్టెలోది. పలక మీద చుక్క వేసి వెలుగుకేసి చూస్తే, నీళ్ళలో కూలెంటు ఎంత కలిసిందో లోపలి గీత చెబుతుంది. ఉత్త నీళ్ళయితే గీత అట్టడుగున ఉంటుంది. చిక్కబడేకొద్దీ పైకి ఎక్కుతుంది.

మొదట రోడ్డు మీది పచ్చటి చుక్క వేసి అతని చేతికిచ్చింది. గీత బాగా పైకెక్కి ఉంది. తుడిచి, ఇంజనులోంచి తీసిన చుక్క వేసింది. అతను చూశాడు. గొట్టం దించాడు. తన రుమాలుతో పలక మళ్ళీ తుడిచి, చుక్క తనే వేసుకుని మళ్ళీ చూశాడు. మూడోసారి నీళ్ళ పెట్టెలోంచి తీసింది వేశాడు. మూడుసార్లూ గీత అట్టడుగునే ఉంది.

"నీళ్ళు" అన్నాడు చివరికి.

"నీళ్ళే. ఆదివారం ట్రాక్ మీదికి తీసుకెళ్దామని. వాళ్ళ జాబితా తెప్పించండి, గురువారం ఆయన పేరు ఉంటుంది. ఇప్పుడు కింద చూడండి."

పదకొండూ మూడుకు ఆమె పోసిన గ్లాసెడు నీళ్ళ జాడ లేదు. తారు తెల్లబారి పొడిగా ఉంది. టైము పదకొండూ ముప్పై ఒకటి. ఇంకా శనివారమంత ఎండ కూడా లేదు. రోడ్డు మీద గంటకు పైగా ఆరకుండా ఉన్నది ఈ కారులోని నీళ్ళు కాదు.

మాక్రే టోపీ తీసి కణతలు తుడుచుకున్నాడు. ఓడిపోవడం చేతకాని మనిషే గాని, కళ్ళెదుట కనిపించింది కనిపించలేదనే మనిషి కాదు. వెంటనే ఇంకో దారి వెతికాడు. ముందు వెళ్ళిన ఏదో కారు కక్కి ఉంటుందన్నాడు. లోయిస్ దానికీ సిద్ధంగానే ఉంది. శనివారం అటు వెళ్ళిన సైకిలు క్లబ్బు వాళ్ళ దగ్గర్నుంచి లాయరు తెప్పించిన హెల్మెట్ కెమెరా వీడియోలో ఒంటిగంటా యాభై రెండుకు ఆ మలుపు పొడిగా ఉంది. కక్కే కారైతే మలుపుకు ముందూ వెనకా చుక్కలు రాల్చుకుంటూ పోతుంది. సార్జెంటు తీసిన ఫోటోల్లోనే చుక్కలు లేవు. కొండెక్కే వైపు, ఈ గీత నుంచి ఆ గీత దాకా, చక్రాలు సరిగ్గా ఒరిగే చోట, చెంబుతో పోసినట్టు ఒకటే పట్టీ ఉంది.

"చేత్తో పోశారంటారు."

"పదహారు నిమిషాల్లో. పోసినవాడికి ఈ కారు తెలుసు, ఇందులో పచ్చదే పోస్తారని తెలుసు. పైపు ఊడిందని మీలాంటివాళ్ళు అనుకోవాలనే ఆ రంగు ఎంచుకున్నాడు. గురువారం సంగతి మాత్రం అతనికి తెలీదు."

"మీలాంటివాళ్ళు" అని మాక్రే ఆ మాటను ఒకసారి నోట్లో తిప్పుకున్నాడు. "సరే. అంటే డాక్టర్ని ఎవరో చంపారు. పళ్ళ డాక్టర్ని చంపేంత పగ ఎవరికుంటుంది మేడమ్?"

"మీకు పన్ను పీకించుకున్న అనుభవం లేనట్టుంది" అంది లోయిస్. ఆ రోజు అతను మొదటిసారి నవ్వాడు.

పన్నెండూ ఇరవైకి అరాక్సీని వెళ్ళిపోవచ్చన్నారు. లోయిస్ ఆమెకు ముందు ఒక్క మాటే చెప్పింది, పైపు ఊడలేదని. తర్వాత మిగతాదంతా చెప్పింది. అరాక్సీ గోడకు ఆనుకుని నిలబడి విన్నది. ఏడవలేదు. గ్రాంట్ గారి భార్యకు ఈ సంగతి ఎవరు చెబుతారని అడిగింది. సార్జెంటే చెబుతాడని లోయిస్ అంది.

హాల్డేన్ బెంచీ మీంచి లేచి వచ్చి అరాక్సీ భుజం మీద చేయి వేశాడు. "పద, ఇంటి దగ్గర దింపుతా. పిన్ని కాచుకుని ఉంటుంది."

"ఇంటికి వద్దు బ్రెట్. ఆ మలుపు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళు. పూలు పెట్టి వస్తా. ఆయన పోయిన దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళే ముఖం లేదు నాకు. ఇప్పుడు వెళ్ళగలను."

అతను కొంచెం తటపటాయించి, సరేనన్నాడు. అరాక్సీ అనుమతి అడిగినట్టు లోయిస్ వైపు చూసింది.

ఫిబ్రవరి నుంచి లోయిస్, కెన్ పోయిన ఆసుపత్రి ఉన్న వీధిలో అడుగు పెట్టలేదు. కూరగాయలకు వెళ్ళాలన్నా రెండు వీధులు చుట్టు తిరిగి పోతుంది. వెళ్ళగలిగిన మనిషిని ఆపడం తప్పనిపించింది.

"వెళ్ళి రా. మనసు కుదుటపడుతుంది" అంది.

పన్నెండూ నలభైకి వాళ్ళు బయల్దేరారు. లోయిస్ మాక్రే బండి వెనకే గ్యారేజీకి వెళ్ళింది. శనివారం తలుపుకు తను వేసిన సీలు తనే తీస్తానని, పని చీటీలు కూడా పట్టుకెళ్తానని అతను అన్నాడు.

అరాక్సీ పిన్ని సిరాన్ గ్యారేజీ ముందు మడతకుర్చీలో కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళు. గ్యారేజీలో ఫోన్లు ఎత్తేదీ, చీటీలు రాసేదీ, బాకీ ఎగ్గొట్టేవాళ్ళని తిట్టేదీ ఆవిడే. సార్జెంటు తలుపు మీది పసుపు కాగితం గోళ్ళతో గీకుతుంటే ఆవిడ కాసేపు తృప్తిగా చూసింది.

"అతికించేటప్పుడు ఉన్న ఉషారు పీకేటప్పుడు లేదేమయ్యా? జిగురు కూడా తుడిచి వెళ్ళు."

"తుడుస్తానమ్మా."

"అమ్మా అంటే కాఫీ ఇస్తాననుకోకు."

ఇస్తూనే అంది. లోయిస్ చీటీల కట్ట తిరగేస్తోంది. మాక్రే ఒక చేత్తో చిన్న కాఫీ కప్పు పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం గీకుతూ, శనివారం రెండు గంటలకు డాక్టరు ఆ రోడ్డు మీద ఉంటాడని ఎవరెవరికి తెలుసో చెప్పమన్నాడు.

"ఎవరికి తెలుస్తుంది? ఆయనకే తెలియదు" అంది సిరాన్. "అయిదింటికి రమ్మని నేనే చెప్పా. చిన్నపిల్లాడిలా ఒంటిగంటన్నరకే ఊడిపడ్డాడు. ఎండలో నాలుగు గంటలు కూర్చోలేను, తాళాలిమ్మని అరా చుట్టూ తిరిగాడు. పోన్లే పాపం, వెళ్ళి రానీ అంది. లేకపోతే తనే బయల్దేరుతోంది అప్పటికి."

లోయిస్ చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. "ఎక్కడికి బయల్దేరుతోంది?"

"కొండకే. చల్లబరిచే పని చేసిన ప్రతి కారునీ మా అరా తనే కొండెక్కిస్తుంది, మిట్టమధ్యాహ్నం రెండు గంటలప్పుడు. చల్లటి పొద్దున ఎక్కిస్తే ఏం తెలుస్తుంది? ఎండ చంపేసేటప్పుడే ఎక్కించాలి. మీ ఆయన నేర్పిందేగా."

కాగితం గీకే చప్పుడు ఆగింది.

ఎవరు తాళాలు తీసుకున్నారో లోయిస్ తెలుసుకుంది. ఎవరు తీసుకోవాల్సి ఉందో అడగలేదు. పొద్దున ఆ గదిలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే, దాన్ని దాటుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె గొంతు మాత్రం మారలేదు.

"సిరాన్ గారూ, శనివారం రెండింటికి అరా కొండెక్కుతుందని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. అరాకి తెలుసు." ఆవిడ ఆలోచించింది. "బ్రెట్‌కి తెలుసు. పన్నెండు గంటలప్పుడు ఫోన్ చేసి, ఎన్నింటికి బయల్దేరుతుంది, ఏ కారులో అని అడిగాడు."

"ఎందుకని అడిగాడు?"

"ఈ రోజు సంతకాలున్నాయి కదా, ఆ కంగారేమో అనుకున్నా. వాడు తన పేరు అచ్చేసి అమ్ముకునే ఆ పలక గీసింది మా అరాయే. దాని బొమ్మలు, హక్కులు తనవి తనకు రాసిచ్చెయ్యమని పోయిన నెల లాయరు చేత అడిగించింది. సోమవారం సంతకం పెడతానన్నాడు. మంచిగానే అన్నాడు."

మాక్రే కప్పు కింద పెట్టాడు. వ్యూ పాయింటుకు ఊరికే వెళ్ళానన్న మనిషి, రెండు గంటల ముందు ఆ రోడ్డు మీదికి ఎవరు వస్తారో అడిగి తెలుసుకుని వెళ్ళాడు. ఆ కూలెంటు పోసింది డాక్టరు కోసం కాదు, అరాక్సీ కోసం.

లోయిస్ ఫోను తీసి అరాక్సీకి చేసింది. మోగలేదు. ఇంకోసారి చేసింది. కొండ మీద సెల్లు పనిచేయదని ఆమెకు తెలుసు. అయినా మూడోసారి చేసింది. టైము ఒంటిగంటా ఇరవై ఒకటి. మాక్రే అప్పటికే బండి తలుపు తీసి వైర్‌లెస్‌లో మాట్లాడుతున్నాడు. పాల్మిటో రోడ్డులో ఎవరున్నా ఏడో మలుపుకు వెళ్ళమన్నాడు. హాల్డేన్ బండి రంగు, నంబరు చెప్పాడు. సిరాన్ కుర్చీలోంచి లేచింది. ఏమైందని ఆవిడ అడిగితే లోయిస్ ఆవిడ చేయి పట్టుకుంది.

లోయిస్‌ను పక్కన ఎక్కించుకుని బండి రోడ్డెక్కాక మాక్రే ముందుకే చూస్తూ అన్నాడు. "ఈ రోజు నేను గెలిచి ఉంటే ఆ అమ్మాయి ఇప్పుడు నా స్టేషన్లో, తాళం వేసిన గదిలో ఉండేది."

అందులో ఎత్తిపొడుపు లేదు. లోయిస్ మళ్ళీ ఫోను తీసి అరాక్సీ నంబరు నొక్కింది.

ఒంటిగంటా ముప్పై మూడుకు వైర్‌లెస్ పలికింది. పైన గస్తీ తిరుగుతున్న ఒక కుర్ర పోలీసు. ఏడో మలుపు దగ్గరే ఉన్నానన్నాడు. రెయిలింగు విరిగిన చోట పూలు కట్టి ఉన్నాయన్నాడు. తెల్లవి, ఇంకా వాడలేదు. బండి లేదు, మనుషులెవరూ లేరు.

"సార్," అన్నాడు అతను, ఒక క్షణం ఆగి, "పక్కన మట్టిలో అంచు దాకా మనిషిని ఈడ్చుకెళ్ళినట్టు జాడ ఉంది. కిందికి దిగి చూడమంటారా?"

మాక్రే లోయిస్ వైపు తిరిగాడు.

"దిగమనండి" అంది ఆమె.